కర్కదే అంటే మన పుంటికూర పువ్వేనా? తరచుగా అడిగే ప్రశ్నలు

మా ఆయన ఉద్యోగం వల్ల 2018 నుంచి ఈజిప్టులోని అలెగ్జాండ్రియాలో ఉంటున్నాం. ఏడాదికోసారి హనుమకొండ వస్తాం. వచ్చిన ప్రతిసారీ నా సూట్‌కేసులో ఎండిన ఎర్ర పూల ప్యాకెట్లు రెండు మూడు ఉంటాయి. అవి చూసి చుట్టాలు, పక్కింటివాళ్లు, ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో వాళ్లు అడిగిందే మళ్లీ అడుగుతున్నారు. ఒక్కొక్కరికి విడిగా చెప్పలేక అన్నీ ఒకచోట రాస్తున్నాను. ఎవరన్నా అడిగితే ఇక ఇదే పంపిస్తా.

అసలు కర్కదే అంటే ఏంది?

ఈజిప్టు, సూడాన్ దేశాల్లో తాగే ఎర్రని పుల్లటి పానకం. ఎండిన పువ్వును నీళ్లలో నానబెట్టి గానీ మరిగించి గానీ చక్కెర కలుపుతారు. ఎండకాలం చల్లగా, చలికాలం వేడివేడిగా తాగుతారు. రంగు చెప్పాలంటే దానిమ్మ గింజకూ, నేరేడు పండు తిన్న నాలుకకూ మధ్యలో ఉంటుంది. పెళ్లిళ్లలో వచ్చినవాళ్లకు దీన్ని పోస్తారు. రంజాన్ నెలలో ఉపవాసం విడిచే వేళకు చాలా ఇళ్లలో ఒక జగ్గు నిండా సిద్ధంగా ఉంటుంది. దక్షిణాన అస్వాన్ వైపు వెళ్తే ఇంటికొచ్చిన వాళ్లకు మనం మంచినీళ్లు ఇచ్చినట్టు ముందు ఇదే ఇస్తారు.

మందార పూల టీ అంటే ఇదేనా?

కాదు. ఈ గందరగోళానికి కారణం ఇంగ్లిషు పేరు. ప్యాకెట్ మీద హైబిస్కస్ టీ అని రాసి ఉంటుంది, మనకు హైబిస్కస్ అనగానే వాకిట్లో మందారం గుర్తొస్తుంది. మందారం, ఇది ఒకే కుటుంబం, అంతవరకే. మందార రేకలు మరిగిస్తే రంగు దిగుతుంది కానీ పులుపు ఉండదు. మా వదిన యూట్యూబ్ చూసి, తలకు పెట్టుకునేందుకు ఎండబెట్టిన మందారాలు మరిగించి తాగి, "ఏం రుచి లేదు, నువ్వు ఊరికే గొప్పలు చెప్తవ్" అన్నది. తప్పు నాది కాదు, పువ్వుది.

అయితే ఇది ఏ మొక్క?

పుంటికూర. గుంటూరు వైపు వాళ్లు గోంగూర అంటారు, మనం పుంటికూర అంటాం. దాంట్లో ఎర్ర గోంగూర అనే రకాన్ని వృక్షశాస్త్రంలో హైబిస్కస్ సబ్దరిఫా అంటారు. కర్కదే కూడా అదే. జాతి ఒకటే, రకం వేరు. మన దగ్గర ఆకు కోసం పెంచుతారు కాబట్టి ఆకు బాగా వచ్చే రకాలు నిలిచాయి. అక్కడ పువ్వు కోసం పెంచుతారు కాబట్టి పువ్వు కింది భాగం కండపట్టి, లావుగా, ముదురెరుపుగా ఉండే రకాలు నిలిచాయి. ఉత్తరాంధ్రలో నార కోసం వేసే గోగులో కూడా ఈ జాతిదే ఒక రకం ఉంది, దానికి ఆ కండ ఉండదు. మార్కెట్లో దొరికే ఆకుపచ్చ కాడ పుంటికూర కొన్నిసార్లు దీనికి అక్కచెల్లెలి వరస మొక్క, జాతే వేరు. దాని పూలతో కర్కదే రాదు.

ఇంకో మాట. మనం పువ్వు పువ్వు అంటున్నాం కానీ తాగేది పువ్వు రేకలు కాదు. రేకలు లేత పసుపు రంగులో, మధ్యలో ముదురు ఎర్ర మచ్చతో ఉంటాయి. పొద్దున విచ్చుకుని ఆ రోజుకే వాడిపోతాయి. అవి రాలాక కింద కాయను చుట్టుకుని ఉన్న తొడుగు ఎర్రగా ఉబ్బుతుంది. బడిలో చదివిన రక్షక పత్రాలు గుర్తున్నాయా? అవే. ఎండిన కర్కదే చేతిలోకి తీసుకుంటే ఐదు కొనలతో చిన్న కిరీటంలా ఉంటుంది, లోపల కాయ ఉన్నచోట బోలుగా ఉంటుంది.

మీకు ఇది మొదట ఎట్లా తెలిసింది?

పోయిన కొత్తలో, జూలై ఎండలో. అలెగ్జాండ్రియాలో సముద్రం ఉంది కాబట్టి మన రోహిణి కార్తె ఎండలంత ఉండదు, కానీ ఉక్కపోత ప్రాణం తీస్తుంది. తిండి కూడా అలవాటు కాలేదు. అన్నం దొరుకుతుంది, పప్పు దొరుకుతుంది, నోటికి పులుపు మాత్రం లేదు. ఆకుకూర కావాలంటే మలూఖియా అని ఒకటి ఉంటుంది. అది గోనెసంచుల నార తీసే జనపమొక్క ఆకు, వండితే బెండకాయలా జిగురు. వెల్లుల్లి, ధనియాలు వేసి చాలా బాగా చేస్తారు, ఇప్పుడు నాకూ ఇష్టమే. కానీ ఆ రోజుల్లో పుంటికూర పప్పు కోసం ఏడుపొచ్చేది.

అక్కడ వీధివీధికీ రసం అంగళ్లు ఉంటాయి, అసీర్ అంటారు. చెరుకు మిషన్ తిరుగుతూ ఉంటుంది, గోడకు మామిడి, జామ వలల్లో వేలాడుతూ ఉంటాయి. మా ఆయన చెరుకు రసం చెప్పాడు. నేను పక్కన గాజు జాడీలో ఉన్న ఎర్రదాన్ని వేలితో చూపించాను. మొదటి గుటక. దవడల వెనకాల జివ్వుమన్నది. ఆ పులుపు చింతపండుది కాదు, నిమ్మకాయది కాదు. పుంటికూర తొక్కు నూరాక రోలు కడిగే ముందు వేలితో నాకుతామే, అది. "ఇది పుంటికూర గదా!" అని తెలుగులోనే గట్టిగా అన్నాను. గ్లాసు ఇచ్చిన కుర్రాడికి ఏం అర్థమైందో, "హింది? హింది?" (ఇండియావాళ్లా అని) నవ్వుతూ ఇంకో సగం గ్లాసు పైసలు తీసుకోకుండా పోశాడు.

పేరు కర్కదే అని ఆ రోజు తెలిసింది. అది నిజంగా పుంటికూరేనని రూఢి చేసుకోవడానికి మాత్రం ఇంకో ఏడాది పట్టింది, అది కింద చెప్తాను.

అక్కడ ఇంకా ఏం తాగుతారు? చింతపండు పానకం ఉంటుందట కదా?

ఉంటుంది. దాని పేరు తమర్ హిందీ, అంటే హిందూ దేశపు ఖర్జూరం. ఇంగ్లిషు వాళ్ల టామరిండ్ కూడా అరబ్బీ పేరు నుంచి వచ్చిందే. మన చింతపండు, వాళ్లు పెట్టిన పేరుతో ప్రపంచమంతా తిరుగుతోంది. మన పుల్లటి పానకం తాగినవాళ్లకు అది కొత్త కాదు, చక్కెర మాత్రం ఎక్కువ.

ఎర్క్ సూస్ అని ఇంకోటి ఉంది, నల్లగా ఉంటుంది. ఇత్తడి పాత్ర మెడకు తగిలించుకుని చేత్తో ఇత్తడి చిప్పలు తాళాల్లా వాయిస్తూ అమ్ముతారు. చప్పుడు వింటే ఏ భజన బృందమో వస్తుందనుకుంటారు. అది అతిమధురం వేరు కషాయం. రుచి సంగతి అట్లా ఉంచి, అతిమధురం బీపీ పెంచుతుంది, బీపీ ఉన్నవాళ్లు దాని జోలికి పోవద్దు.

ఇంట్లో చేసే పద్ధతి చెప్పండి.

లీటరు నీళ్లకు 30 గ్రాముల ఎండు పువ్వు. తూకం లేకపోతే గుప్పెడు నిండా తీసుకుని ఇంకో చిటికెడు. పువ్వులో ఇసుక ఉంటుంది, ఎండబెట్టేది ఆరుబయట కాబట్టి. జల్లెట్లో వేసి కుళాయి కింద ఒక్కసారి గబుక్కున కడగండి. ఎక్కువసేపు కడిగితే రంగు సింకులో పోతుంది. ఇది నేను నేర్చుకున్న మొదటి పాఠం: మొదటిసారి బియ్యం కడిగినట్టు మూడు సార్లు కడిగి, తేటగా మిగిలిన గులాబీ నీళ్లు తాగాం.

అక్కడ రెండు పద్ధతులున్నాయి. ఒకటి చన్నీళ్లలో రాత్రంతా నానబెట్టి పొద్దున వడగట్టడం. రుచి మెత్తగా, కొంచెం పండు వాసనతో ఉంటుంది. రెండోది మరిగించడం. పులుపు పదునుగా, రంగు చిక్కగా వస్తుంది కానీ పది నిమిషాలు దాటితే వగరు దిగుతుంది. నేను రెంటినీ కలిపేశాను. రెండు గంటలు నానబెట్టి, అవే నీళ్లతో పొయ్యి మీద పెట్టి, ఒక పొంగు రాగానే మంట తగ్గించి ఐదు నిమిషాలు ఉంచి దించేస్తాను. వేడి మీదనే చక్కెర వేస్తే బాగా కరుగుతుంది. లీటరుకు 100 గ్రాములు మా ఇంటి లెక్క. ఈజిప్టు వాళ్ల లెక్క దీనికి దాదాపు రెట్టింపు. అంగట్లో తాగేటప్పుడు "సొక్కర్ ఖఫీఫ్" అని చెప్పండి, చక్కెర తక్కువ అని. అసలే వద్దంటే "మిన్ గేర్ సొక్కర్".

వడగట్టాక గంటసేపు కదపకుండా ఉంచితే అడుగున సన్నని మడ్డి దిగుతుంది. పైది వంచుకుని అడుగున రెండు చెంచాలు వదిలేయండి. ఫ్రిజ్‌లో సీసాలో పెడితే మూడు నాలుగు రోజులు బాగుంటుంది.

మన నాలుకకు నేను చేసే మార్పు: చక్కెర సగం, చిటికెడు ఉప్పు, వేయించి దంచిన జీలకర్ర, నాలుగు పుదీనా ఆకులు. అలెగ్జాండ్రియాలో మా పక్కింటావిడకు ఇట్లా చేసి ఇస్తే ఒక గుటక తాగి, చాలాసేపు గ్లాసు వైపు చూసి, "ఇది సూప్" అన్నది. మా ఇంట్లో మాత్రం ఇదే నడుస్తోంది.

ఏ గిన్నె వాడాలి?

స్టీలు, గాజు, పింగాణీ. అల్యూమినియం, ఇనుము వద్దు, పులుపు వాటితో కలుస్తుంది. చింతపండు పులుసుకు పాటించేదే.

చక్కెర బదులు బెల్లం వేయొచ్చా?

వేయొచ్చు. రుచి బాగుంటుంది, రంగు మట్టిగా మారుతుంది. మేడారం నుంచి ప్రసాదంగా వచ్చిన బంగారం (అమ్మవార్లకు ఇచ్చే బెల్లాన్ని అట్లానే అంటాం కదా) ఒకసారి వేశాను, చూడ్డానికి కషాయంలా ఉంది, తాగితే గ్లాసు కింద పెట్టబుద్ధి కాలేదు. చుట్టాలకు పోసేదైతే చక్కెర, మనం తాగేదైతే బెల్లం.

వడగట్టాక మిగిలిన పువ్వును పారేయడమేనా?

అయ్యో, పారేయొద్దు! ఈజిప్టు వాళ్లు పారేస్తారు, అది చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. నాని మెత్తబడిన పువ్వులో సగం పులుపు ఇంకా ఉంటుంది. దాంతో తొక్కు చేయొచ్చు.

గట్టిగా పిండండి. బాండీలో రెండు చెంచాల నూనె వేసి ఎనిమిది పచ్చి మిరపకాయలు మచ్చలు పడేదాకా వేయించి తీయండి. అదే నూనెలో పిండిన పువ్వు వేసి నీరు ఇంకేదాకా వేయించండి, ముందు చిటపటలాడి తర్వాత బాండీకి అంటుకోవడం మొదలవుతుంది, అప్పుడు దించాలి. ఆరు వెల్లుల్లి రెబ్బలు, జీలకర్ర, ఉప్పు, మిరపకాయలు ముందు నూరి, పువ్వు చివర్లో వేసి రెండు తిప్పులు తిప్పండి. మెత్తగా చేయొద్దు, పువ్వు పంటికి తగలాలి, అందులోనే మజా ఉంది. పైన ఆవాలు, ఎండుమిర్చి, కరివేపాకు పోపు. పుంటికూర తొక్కులాగే ఉంటుంది, రంగు మాత్రం ముదురు వంకాయ రంగు. జొన్నరొట్టెతో గానీ, వేడన్నంలో నెయ్యి వేసుకుని గానీ తినండి.

పరాయి దేశంలో నాకు కర్కదే మీద ఇంత ప్రేమ పానకం వల్ల కాదు, నిజం చెప్పాలంటే ఈ తొక్కు వల్లే. ఒక గుప్పెడు పువ్వు నుంచి సాయంత్రానికి పానకం, రాత్రికి తొక్కు.

బీపీ తగ్గుతుందంటారు, నిజమేనా?

ఈ ప్రశ్న అడగని మనిషి లేడు. ఈజిప్టులో ఎవర్ని అడిగినా ఒకటే చెప్తారు: వేడిగా తాగితే బీపీ పెరుగుతుంది, చల్లగా తాగితే తగ్గుతుంది. టాక్సీ డ్రైవర్ నుంచి ఫార్మసీ ఆయన దాకా అందరిదీ అదే మాట. ఇది మన వేడి చేస్తుంది, చలువ చేస్తుంది లాంటి నమ్మకం. చల్లారినంత మాత్రాన నీళ్లలో దిగిన సరుకు మారిపోదు.

పరిశోధన మాత్రం ఉంది. అమెరికాలో టఫ్ట్స్ విశ్వవిద్యాలయం వాళ్లు 2010లో అచ్చువేసిన అధ్యయనంలో, బీపీ కొంచెం ఎక్కువగా ఉన్న 65 మందిలో కొందరికి ఈ టీ, మిగతావాళ్లకు అదే రుచి, రంగు ఉండే ఉత్తుత్తి పానీయం రోజుకు మూడు కప్పుల చొప్పున ఆరు వారాలు ఇచ్చారు. టీ తాగిన వాళ్లకు పై అంకె సగటున 7 పాయింట్లు తగ్గింది, మిగతావాళ్లకు ఒక పాయింటు పైచిలుకు. అంటే పని చేస్తుంది, కానీ కొంచెం. అదీ కొద్దిగా ఎక్కువ ఉన్నవాళ్లకు. వాళ్లు తాగింది రోజూ మూడు కప్పులు అన్నది మర్చిపోవద్దు, పండక్కి ఒక గ్లాసు కాదు.

మా అత్తమ్మ ఈ సగం మాట విని నాలుగు రోజులు గోలీ మానేసి కర్కదే తాగింది. ఐదో రోజు తల తిరుగుతోందంటే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాం. పై అంకె 170. ఆయన మా అత్తమ్మను ఏమీ అనలేదు, నన్ను తిట్టాడు. గోలీ మానొద్దు. గోలీ వేసుకుంటూ రోజూ తాగాలనుకుంటే డాక్టర్‌కు చెప్పి తాగండి, రెండూ కలిసి బీపీ మరీ పడిపోవచ్చు.

ఎవరు తాగకూడదు?

కడుపుతో ఉన్నవాళ్లు మానేయడం మంచిదని వైద్యులు చెప్తారు. కిడ్నీలో రాళ్లున్నవాళ్లకు పుంటికూర తగ్గించమని చెప్తారు కదా, ఆ జాగ్రత్త దీనికీ పాటించండి. అల్సర్, పుల్లటి తేన్పులు ఉన్నవాళ్లకు ఖాళీ కడుపున మంట పుడుతుంది. షుగర్ ఉన్నవాళ్లకు పువ్వుతో ఇబ్బంది లేదు, అందులో పోసే చక్కెరతోనే. ఇంకోటి, తాగిన వెంటనే పళ్లు తోమొద్దు, నీళ్లు పుక్కిలిస్తే చాలు. పులుపుకు పంటి పైపూత కాసేపు మెత్తబడుతుంది.

రాత్రి తాగితే నిద్ర పట్టదా?

ఇందులో కెఫీన్ లేదు. టీ అని పిలుస్తాం గానీ టీ ఆకు కాదు. పిల్లలకూ పోయొచ్చు.

బట్టల మీద పడితే మరక పోతుందా?

వెంటనే చన్నీళ్లతో కడిగితే చాలావరకు పోతుంది. సబ్బు మాత్రం ముందే పెట్టొద్దు. మా ఆయన తెల్ల చొక్కా మీద అర గ్లాసు ఒలికింది. నేను కంగారులో బట్టల సోడా వేసి రుద్దాను. ఎర్ర మరక నా కళ్ల ముందే నీలంగా, తర్వాత పాచిపట్టిన ఆకుపచ్చలా మారింది! భయమేసి నిమ్మచెక్క పిండితే మళ్లీ గులాబీ రంగు. కాసేపు మరక సంగతి మర్చిపోయి సోడా, నిమ్మకాయతో ఆడుకున్నాను. పువ్వులో ఆంథోసయనిన్లు అనే రంగు పదార్థాలు ఉంటాయి, అవి పులుపులో ఎర్రగా, క్షారంలో నీలంగా మారతాయి. లిట్మస్ కాగితం చేసేదే. పిల్లలకు చూపించండి, సైన్స్ పాఠం అయిపోతుంది. చొక్కా మాత్రం దక్కలేదు.

చూడ్డానికి వైన్ లాగా ఉంది. ఎవరూ ఏమీ అనుకోరా?

అనుకున్నారు. అత్తమ్మ వాళ్ల అన్నయ్య వచ్చినప్పుడు నేను సన్న గ్లాసులో పోసుకుని హాల్లో కూర్చున్నాను. ఆయన చెప్పులు విడుస్తూ విడుస్తూ ఆగి, మా ఆయన వైపు తిరిగి, "ఏం అల్లుడా, ఈజిప్టు పోయి గిదే నేర్చుకున్నరా?" అన్నాడు. ఒక గ్లాసు పోసి ఇచ్చాం. తాగి, "గిది పుంటికూర చారు గదనే" అన్నాడు. అప్పటి నుంచి హనుమకొండలో స్టీలు గ్లాసులోనే తాగుతున్నాను.

మా తమ్ముడు దుబాయిలో ఉంటడు. అక్కడ దొరుకుతుందా?

జగిత్యాల, కరీంనగర్, సిరిసిల్ల, నిజామాబాద్ వాళ్లు ఎక్కువగా అడిగేది ఇదే. గల్ఫ్‌లో సులువుగా దొరుకుతుంది. సూడాన్ వాళ్లు, ఈజిప్టు వాళ్లు ఎక్కువగా కొనే కిరాణాలకు వెళ్లి కర్కదే అనండి. క్యాంపులో సూడాన్ వాళ్లు రూమ్మేట్లుగా ఉంటే కొనే పనే లేదు, వాళ్లే చేసి పోస్తారు. సూడాన్‌లో కొర్దొఫాన్, దార్ఫూర్ ప్రాంతాలు దీనికి పేరుపడ్డవి.

అమెరికాలో ఉన్నవాళ్లు మెక్సికన్ దుకాణానికి వెళ్లండి. ప్యాకెట్ మీద జమైకా అని చదివేలా రాసి ఉంటుంది, పలకడం మాత్రం హమైకా. డాలస్‌లో ఉన్న మా మరదలు జమైకా నుంచి వచ్చిన సరుకేదో అనుకుని రెండేళ్లు దాన్ని దాటుకుంటూ పోయిందట. లండన్‌లో కరీబియన్ దుకాణాల్లో దీని పేరు సారెల్. అక్కడ ఒక తిరకాసు ఉంది: మామూలు ఇంగ్లిషులో సారెల్ అంటే మన చుక్కకూర వరస మొక్క. జమైకా వాళ్లు సారెల్ అంటే మాత్రం ఇదే, క్రిస్మస్‌కు అల్లం దంచి వేసి చేస్తారు, పెద్దవాళ్లు రమ్ము కూడా కలుపుతారు. సెనెగల్‌లో బిస్సాప్, నైజీరియాలో జోబో, ఘానాలో సోబోలో. మొక్క పుట్టిల్లు ఆఫ్రికానే కాబట్టి ఆ ఖండంలో ఎక్కడికి పోయినా ఏదో ఒక పేరుతో ఎదురవుతుంది.

కొనేటప్పుడు ఏం చూడాలి?

పొడి కొనొద్దు. ముందు ఇదొక్కటి గుర్తుపెట్టుకోండి. నేను ఒకసారి తొందరపడి, బస్సు దిగి ఎదురుగా కనిపించిన అంగట్లో పొడి ప్యాకెట్ కొన్నాను. చన్నీళ్లలో వేసీ వేయగానే హోలీ రంగులా ఎర్రగా అయిపోయింది, నాలుక మీద పులుపు లేదు, రెండు రోజులు చెంచా ఎర్రగానే ఉంది. అసలు పువ్వు చన్నీళ్లలో మెల్లగా, పొగ దిగినట్టు రంగు వదులుతుంది.

పువ్వు నిండుగా ఉండాలి, ముక్కలు, ధూళి తక్కువ ఉండాలి. ముదురెరుపు మంచిది, గోధుమ రంగుకు తిరిగితే పాతది. వేళ్ల మధ్య నలిపితే విరగాలి. సాగితే తేమ పట్టిందని అర్థం. ఒక రెబ్బ నోట్లో వేసుకుని నమలండి, అత్తార్ అంగళ్లలో (మూలికలు, దినుసులు అమ్మే కొట్లు, అత్తరు అన్న మాట గుర్తొస్తుంది కదా) ఎవరూ ఏమీ అనరు. మన్‌షియా బజారులో నేను కొనే ముసలాయన నేను నమలకపోతేనే అడుగుతాడు. అస్వానీ అని అడిగితే మంచి రకం తీస్తారు. ధర చెప్పలేను. 2024 మార్చిలో ఈజిప్టు పౌండ్ విలువ ఒక్కసారిగా పడ్డాక అక్కడ ధరల మాట ఎత్తడం మానేశాం.

ఇండియాకు తెస్తే ఎయిర్‌పోర్టులో ఆపరా?

నేను సీల్ చేసి, పేరు అచ్చువేసిన ప్యాకెట్లే తెస్తాను, సంచిలో విడి పువ్వు తేను. అడిగితే తీసి చూపిస్తాను. విత్తనాలు మాత్రం తేవద్దు. అనుమతి పత్రం లేకుండా విత్తనాలు తీసుకురావడం 2003 నాటి మొక్కల క్వారంటైన్ ఉత్తర్వు ప్రకారం కుదరదు. అయినా అక్కడి నుంచి విత్తనం మోసుకురావాల్సిన అవసరం ఏముంది?

అక్కడ బతుకమ్మకు పూలెట్లా? దీన్ని పెడతారా?

పెట్టాను, ఒకసారి. గునుగు లేదు, తంగేడు లేదు. బంతిపూలు కొన్ని, గోడల మీద కాగితం పూలు బోలెడు. మధ్యలో ఒక వరస ఎండు కర్కదే పేర్చాను. బాగుందే అనుకునేలోపు, పూలు వాడకుండా నీళ్లు చిలకరించాను. తాంబాళం నిండా ఎర్రనీళ్లు! మా ఆయన చూసి ఏం జరిగిందోనని ఉలిక్కిపడ్డాడు. ఎండు పువ్వు పెడితే నీళ్లు చల్లొద్దు.

వరంగల్‌లో మనమే పండించుకోవచ్చా?

పండించుకోవచ్చు. నాకు ఈ సంగతి చూపించింది వర్ధన్నపేట దగ్గర మా అత్తమ్మ వాళ్ల చేను. 2019 నవంబర్‌లో ఒక పెళ్లికి వచ్చాం. పత్తి చేను గట్టు మీద మనిషెత్తు మొక్కలు వరసగా, ఎర్ర కాడలు, కాడ పొడుగునా ఎర్రగా బుడిపెలు. దగ్గరికి వెళ్లి ఒకటి తుంచి నమిలాను. అదే జివ్వు. అత్తమ్మను అడిగితే, "పుంటికూరే బిడ్డా. ఆకు ముదిరింది, ఇత్తనాల కోసం ఇడిసిపెట్టినం" అన్నది. సెల్‌ఫోన్‌లో అలెగ్జాండ్రియా అంగడి ఫొటో చూపించి, కిలో ఇంతకు కొంటున్నానని చెప్పాను. కాసేపు ఫొటో, కాసేపు గట్టు, కాసేపు నన్ను చూసింది. "గివిటికి పైసలు వెట్టి కొంటున్నవా? విమానంల ఏసుకొని వస్తున్నవా?" అన్నది. ఆ సాయంత్రం పెళ్లింట్లో ఆ ముచ్చటే.

ఇక పద్ధతి. మృగశిరకు, తొలకరి వానలతో విత్తనం వేయాలి. ఎర్ర కాడ రకం అడిగి తీసుకోండి, కాయ తొడుగు లావుగా వచ్చే మొక్క ఊళ్లో ఎవరి గట్టు మీదనన్నా ఉంటే ఆ విత్తనమే మేలు. ఆకు కోసమైతే దగ్గరదగ్గర వేస్తాం, పువ్వు కోసమైతే మొక్కకూ మొక్కకూ దాదాపు మీటరు ఎడం కావాలి. లేత కొనలు ఒకటి రెండు సార్లు కూరకు తుంచితే కొమ్మలు ఎక్కువ వస్తాయి, పూలూ ఎక్కువ. పొద్దు తగ్గితేనే ఇది పూతకొస్తుంది. అందుకే ఎండకాలం విత్తనం వేసి పువ్వు రాలేదని తిట్టుకోవద్దు, దసరా దాకా అది ఆకే వేస్తుంది.

రేకలు రాలిన రెండు మూడు వారాలకు తొడుగు లావెక్కుతుంది. కాయ లోపల ఇంకా లేతగా ఉన్నప్పుడే కోయాలి. కాయ ముదిరి గోధుమ రంగుకొచ్చిందంటే తొడుగు పీచు అవుతుంది, అది ఇక విత్తనానికే. కార్తీకం నుంచి సంక్రాంతి లోపు మూడు నాలుగు కోతలు వస్తాయి.

కాయ తీయడమే పెద్ద పని. తొడిమ దగ్గర చిన్న కత్తితో గుండ్రంగా గీసి బొటనవేలితో నొక్కితే కాయ టప్పున బయటికి వస్తుంది, తొడుగు చెదరకుండా చేతిలో మిగులుతుంది. కాయ మీద సన్నని నూగు ఉంటుంది, చేతులు దురద పెడతాయి, కొబ్బరినూనె రాసుకుని కూర్చోండి. టీవీ ముందు నలుగురు కూర్చుంటే సీరియల్ అయ్యేలోపు బుట్ట అయిపోతుంది. తర్వాత పాత చీర మీద పల్చగా పరిచి నీడన ఎండబెట్టాలి. ఎర్రటి ఎండలో పెడితే రంగు పోతుంది. మాకు ఐదు రోజులు పట్టింది. కిలో పచ్చి తొడుగులకు నూరు గ్రాములకు కొంచెం పైన ఎండుది వచ్చింది. గాలి చొరని సీసాలో పోస్తే ఏడాది నిలుస్తుంది. పచ్చివి పచ్చిగానే పప్పులో వేస్తే ఇంకా మంచిది, ఎండబెట్టేంత ఓపిక అందరికీ ఉండదు.

మన గట్టు మీది పువ్వుతో చేసింది అస్వాన్ పువ్వంత చిక్కగా రాలేదు. లీటరుకు 30 గ్రాముల చోట 45 దాకా వేయాల్సి వచ్చింది. వాసన మాత్రం మనదే బాగుందని మా అత్తమ్మ అంటుంది. నాకు తేడా తెలియలేదు, కానీ ఆ మాట ఆమె ముందు అనను.

ఈసారి తెచ్చినవి ఇంకా ఉన్నాయా? కొంచెం పెడతారా?

ఈజిప్టువి అయిపోయాయి. వర్ధన్నపేటవి ఒక డబ్బా ఉంది, అత్తమ్మ బీరువాలో, చీరల వెనకాల. బీరువా తాళం ఆమె కొంగుకే ఉంటుంది. విత్తనాలు కావాలంటే మాత్రం గుప్పెడు కట్టి ఇస్తుంది, జ్యేష్ఠ మాసంలో వచ్చి అడగండి.